బిడ్డ పుట్టకముందే తేలాల్సిన కాగితం

సంపాదకులకు,

సరోగసీ (తమ బిడ్డను మరో మహిళ గర్భంలో మోయించుకోవడం) కోసం హైదరాబాద్ క్లినిక్‌లకు వెళ్తున్న నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దంపతులు ముందు ఖర్చెంతని అడుగుతున్నారు. కోర్టు ఉత్తర్వు గురించి అడిగేవారు తక్కువ. బిడ్డకు చట్టప్రకారం అమ్మానాన్నలు ఎవరన్నది ఆ ఉత్తర్వులోనే ఉంటుంది.

2021 సరోగసీ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, పుట్టబోయే బిడ్డ ఎవరిది, ఎవరి దగ్గర పెరగాలన్నది ప్రథమ శ్రేణి మేజిస్ట్రేట్ కోర్టు ముందే తేల్చాలి. దంపతులు, బిడ్డను మోసే మహిళ ఇద్దరి తరఫునా దరఖాస్తు వెళ్లాలి. దానితోపాటు జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, మోసే మహిళ పేరిట 36 నెలల బీమా ఉండాలి. ఇవన్నీ చేతికొచ్చాకే పిండాన్ని గర్భంలో పెట్టాలి. బిడ్డ పుట్టాక ఆ కోర్టు ఉత్తర్వే జనన అఫిడవిట్‌గా చెల్లుతుంది. ‘ముందు గర్భం నిలవనీ, కాగితాలు తర్వాత చూద్దాం’ అనే ఏజెంటు మాట వింటే, కన్నబిడ్డతో సమానంగా ఎనిమిదో సెక్షన్ ఇచ్చిన హక్కులను నిరూపించడానికి ఆ బిడ్డ దగ్గర ఆధారమే మిగలదు.

ఇంకా ప్రమాదకరమైనది, మోసే మహిళను పిల్లలు కావాలనుకున్నామె పేరుతో ఆసుపత్రిలో చేర్చడం. కేస్ షీట్‌లో ఒకరి వివరాలు, మంచం మీద మరొకరు ఉంటే రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు ప్రాణం మీదికొస్తుంది. బీమా మోసే మహిళ పేరున ఉంది కాబట్టి క్లెయిమ్ కూడా నిలబడదు. అలాంటి అబద్ధం అసలు అక్కర్లేదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత, సరోగసీ బిడ్డ జననాన్ని నమోదుకు తెలియజేయాల్సింది జీవసంబంధ తల్లిదండ్రులే, అంటే చట్టం దృష్టిలో ఆ దంపతులే.

నమోదు బిడ్డ పుట్టిన చోటే జరుగుతుంది. హైదరాబాద్‌లో ప్రసవమైతే నల్గొండ మున్సిపాలిటీలో కుదరదు. గడువు 21 రోజులు. 30 రోజులు దాటితే జిల్లా రిజిస్ట్రార్ అనుమతి, ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేట్ (కలెక్టర్), సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా కలెక్టర్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడానికి, ఆధార్‌కు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే కాబట్టి ఇక్కడి తప్పు జీవితాంతం వెంటాడుతుంది.

2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో, సరోగసీ బిడ్డ అని చెప్పి చేతికిచ్చిన పసివాడి డీఎన్‌ఏ ఆ దంపతులతో కలవలేదు. లక్షలు పోయాయి, అది వేరే సంగతి. ఆ బిడ్డ గతేమిటి? సరోగసీ బిడ్డకు దత్తత పత్రం రాయాల్సిన పనిలేదు. క్లినిక్ రాయమంటే అక్కడే ఆగి పోలీసులకు చెప్పండి.

దాత అండంతోనో, వీర్యంతోనో ఐవీఎఫ్ (గర్భం బయట ఫలదీకరణ) చేయించుకుని భార్యే మోసే దంపతులకు కోర్టు ఉత్తర్వు అవసరం లేదు. ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి పద్ధతుల) చట్టం 31వ సెక్షన్ ప్రకారం బిడ్డ వారిదే, దాతకు హక్కు ఉండదు. కాకపోతే అండమైనా, వీర్యమైనా ఆ చట్టం కింద నమోదైన అండ, వీర్య బ్యాంకు నుంచే రావాలి. ఇద్దరూ సంతకం చేసిన సమ్మతి పత్రాల నకలు ఇంట్లో పెట్టుకోండి. రేపు భూమి పంపకాల్లో దాయాదులు ‘నీ రక్తం కాదు’ అంటే అదే అక్కరకొస్తుంది.

మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తుకు వకీలు ఫీజు భారమైతే, కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత సాయం అందుతుంది. దంపతుల్లో భార్య, బిడ్డను మోసే మహిళ ఎవరికి వారు విడిగా న్యాయవాదిని అడగవచ్చు. మోసే మహిళకు విడిగా న్యాయవాది ఉండడం మరీ ముఖ్యం.

- కొందరు న్యాయవాదులు, నల్గొండ