వర్చువల్ ఫిజిక్స్ ల్యాబ్‌లో కొలతలు తప్పుగా చూపడం, సరైన జవాబులకు మార్కులు కోయడంపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: ఇంటర్ మొదటి సంవత్సరం వర్చువల్ ఫిజిక్స్ ల్యాబ్‌లో దశాంశ సంఖ్యల సవరింపు (రౌండింగ్), ప్రదర్శన, జవాబుల మూల్యాంకనంలో లోపాలు.

అయ్యా,

నేను ఒక జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. మా కాలేజీ మీ వర్చువల్ ల్యాబ్‌ను లైసెన్సు కట్టి వాడుకుంటోంది. అందులోని లోపాల గురించి ఫోన్లో చెప్పినా, మెయిల్ పెట్టినా మీ వాళ్ల నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: "ఇది డిస్‌ప్లే సమస్య, ప్రాధాన్యం తక్కువ." ప్రయోగశాలలో కొలతను ఎలా రాయాలో నేర్పడమే మా పని. ఆ రాత దగ్గరే తప్పు చేసే సాఫ్ట్‌వేర్‌ను తక్కువ ప్రాధాన్యం అని పక్కన పెట్టడం నాకు ఒప్పుదల కాదు. అందుకే అన్నీ వివరంగా రాస్తున్నాను. దయచేసి ఈ ఉత్తరాన్ని ప్రోగ్రాం రాసిన వాళ్లకే చేర్చండి.

ముందు వెర్నియర్ కాలిపర్స్ (ప్రధాన స్కేలు పక్కన జరిగే చిన్న స్కేలుతో పొడవులు కొలిచే పరికరం) సంగతి. మీ తెరమీద పరికరం కనీసపు కొలత 0.1 మి.మీ. వెర్నియర్ మీద ఎన్నో గీత ప్రధాన స్కేలు గీతతో ఏకీభవించిందో చూసి, ఆ సంఖ్యను 0.1తో గుణించి, వచ్చినదాన్ని గడిలో రాయాలి. 1, 2, 4, 5, 8, 9 గీతలు కలిసినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 3, 6, 7 గీతలు కలిసినప్పుడు మాత్రం సరిగా రాసిన వాళ్లకు కూడా ఎర్ర గుర్తు పడుతోంది. 3వ గీతకు 0.3 అని రాస్తే తప్పంటూ, సరైన జవాబు 0.30000000000000004 అని చూపిస్తోంది. 6కు 0.6000000000000001, 7కు 0.7000000000000001. కొలత చూడటంలో తామే పొరపాటు పడ్డామనుకుని పిల్లలు మళ్లీ మొదటి నుంచి చేశారు. బాగా చదివే అమ్మాయి ఒకతె, తనకు వెర్నియర్ చూడటం రాదని నమ్మేసి నా దగ్గరికి వచ్చింది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ప్యాకేజీతో పాటు, మార్పులు చేసుకోవడానికి వీలుగా, మీరు ప్రోగ్రాం అసలు కోడ్ ఉన్న సోర్స్ ఫోల్డర్ కూడా ఇచ్చారు. మా కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడూ నేనూ కూర్చుని అది తెరిచి చూశాం. కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. మీ ల్యాబ్ రాసిన ఫ్లాష్ భాష యాక్షన్‌స్క్రిప్ట్‌లో, దశాంశాలు దాచే నంబర్ అనే రకం 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య. కంప్యూటర్‌లో ఇలాంటి సంఖ్యలు ఎలా దాచాలో చెప్పే, 1985లో వచ్చిన ఐట్రిపులీ 754 ప్రమాణాన్ని పాటిస్తుంది. అందులో అంకెలకు దొరికే చోటు 53 బిట్లు. పదో వంతును రెండు ఆధారంగా ఉన్న సంఖ్యామానంలో రాయబోతే, మనం మూడో వంతును 0.3333 అని రాసినట్టే, అది ఎక్కడా తెగదు. కాబట్టి కంప్యూటర్ లోపల ఉన్నది 0.1 కాదు, అంతకంటే అతి కొద్దిగా ఎక్కువ. గుణించినప్పుడు ఆ తేడా చాలాసార్లు సర్దుకుపోతుంది. 3, 6, 7 దగ్గర పైకి తేలుతుంది. ఇందులో భాషను తప్పు పట్టడానికి ఏమీ లేదు. జావాస్క్రిప్ట్‌లోనూ ఇదే ఫలితం వస్తుంది. ఇది ప్రోగ్రాం రాసేవాళ్లు మొదటి ఏడాదిలోనే నేర్చుకునే విషయం.

అయితే మీ ప్రోగ్రాం ఏం చేస్తోంది? విద్యార్థి రాసిన 0.3ను, 3 × 0.1 ఫలితాన్ని రెండు సమాన చిహ్నాలతో నేరుగా పోల్చి, కలవలేదు కనుక సున్నా మార్కులు వేస్తోంది. రెండింటి తేడా కనీసపు కొలతలో సగం కంటే తక్కువైతే చాలు, సరైనదని ఒప్పుకోవాలి. తేడాలోని రుణ చిహ్నం తీసేసే మ్యాథ్.ఆబ్స్‌తో అది ఒక్క వరుస పని. అంతకంటే మంచి దారి ఇంకొకటి ఉంది: వెర్నియర్ గీతను మనం లెక్కపెడతాం, అది పూర్ణాంకం. ప్రధాన స్కేలు 23 మి.మీ., వెర్నియర్ 3 అయితే, 233 పదో వంతులు అని ఇంట్ (పూర్ణాంక) రకంలో దాచుకోండి. కూడికలూ తీసివేతలూ, శూన్యాంశ దోష సవరణతో (పరికరం మూసినప్పుడు సున్నా చూపకపోతే చేసేది) సహా, అన్నీ పూర్ణాంకాల్లోనే జరగనివ్వండి. తెరమీద చూపేటప్పుడే పదితో భాగించండి. లోపలికి ఏ తోకా రాదు.

మీ సపోర్ట్ సిబ్బందిలో ఒకరు, దశాంశం తరువాత ఎక్కువ అంకెలు ఉంటే ఖచ్చితత్వం ఎక్కువ కదా అన్నారు. ఈ మాట మా పిల్లల చెవిన పడకూడదని గట్టిగా కోరుకుంటున్నాను. 0.1 మి.మీ. వరకే చూడగల పరికరంతో, 0.3 తరువాత పదహారు స్థానాలు రాయడం ఖచ్చితత్వం కాదు, కొలవనిదాన్ని కొలిచామని చెప్పడం. సార్థక సంఖ్యల (కొలతలో నమ్మదగిన అంకెల) పాఠం ఇంటర్‌లో మొదటి అధ్యాయాల్లోనే ఉంది. ఆ పాఠం చెప్పి, వెంటనే మీ ల్యాబ్ తెరవమంటే, పిల్లలు దేన్ని నమ్మాలి?

రెండో లోపం దీనికి తలకిందులు. సెంటీమీటర్లలో చూపే పట్టికలో స్తూపం పొడవు 2.30 సెం.మీ. ఉండాల్సిన చోట 2.3 అని పడుతోంది. 4.00 ఉండాల్సిన చోట 4 అని మాత్రమే ఉంది. భౌతికశాస్త్రంలో 2.3కూ 2.30కూ తేడా ఉంది: 2.3 అంటే మిల్లీమీటరు వరకే చూశామని, 2.30 అంటే మిల్లీమీటరులో పదో వంతు వరకూ చూశామని, అక్కడ సున్నా దొరికిందని. ఆ సున్నా కూడా కొలిచి రాసినదే. పోనీ, చూపడం వరకే తప్పు అనుకుందామంటే, ఈ పట్టికలో మీరు సంఖ్యలను కాక అక్షరాలను పోలుస్తున్నారు. 2.3 అని రాసిన వాళ్లకు పూర్తి మార్కులు, పద్ధతి ప్రకారం 2.30 అని రాసిన వాళ్లకు సున్నా. నేను తరగతిలో తప్పు అని కొట్టేసే జవాబుకు మీరు మార్కులు వేస్తున్నారు, సరైనదని దిద్దేదానికి కోస్తున్నారు.

దీని మూలం కూడా సోర్స్‌లో కనిపించింది. సంఖ్యను 100తో గుణించి, మ్యాథ్.రౌండ్‌తో దగ్గరి పూర్ణాంకం చేసి, మళ్లీ 100తో భాగించే ఫంక్షన్ ఒకటి చాలా ప్రయోగాల్లో వాడారు. యాక్షన్‌స్క్రిప్ట్ 2 రోజుల్లో నంబర్‌కు టుఫిక్స్‌డ్ మెథడ్ లేదు, అందరూ ఇలాగే నెట్టుకొచ్చేవారు. ఫ్లాష్ ప్లేయర్ 9తో పాటు 2006లో యాక్షన్‌స్క్రిప్ట్ 3 వచ్చింది, టుఫిక్స్‌డ్ కూడా వచ్చింది. అది 0 నుంచి 20 దాకా దశాంశ స్థానాలు తీసుకుని స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఇస్తుంది, చివరి సున్నాలను ఉంచుతుంది. మీ క్లాసులన్నీ యాక్షన్‌స్క్రిప్ట్ 3లోనే రాసి ఉన్నాయి. పాత ఫంక్షన్‌ను మాత్రం ఎక్కడినుంచో తెచ్చి అతికించారు. భాగహారం చేశాక చేతిలో మిగిలేది సంఖ్యే కనుక, 2.30 అనే రూపం దానికి ఉండే అవకాశమే లేదు. గ్లోబలైజేషన్ ప్యాకేజీలోని నంబర్‌ఫార్మాటర్‌లో చివరి సున్నాలు ఉంచమని చెప్పే వీలూ ఉంది, "3;2;*" అనే నమూనా ఇస్తే లక్షల పద్ధతిలో కామాలు పెట్టే వీలూ ఉంది. నిరోధాల పట్టికలో మీరు 100,000 అని చూపేది మా పిల్లలు 1,00,000 అని చదువుకుంటారు. అది ఇప్పుడే మార్చకపోయినా సర్దుకుంటాం.

ఆ పాత ఫంక్షన్ చేసే నష్టం సున్నాలతో ఆగలేదు. స్క్రూగేజి ప్రయోగానికి మీరిచ్చిన డేటా ఫైల్లో ఒక తీగ వ్యాసం 1.015 మి.మీ., మరొక తీగది 1.055 మి.మీ. రెండు స్థానాలకు సవరించి మొదటిదాన్ని 1.01 అనీ, రెండోదాన్ని 1.06 అనీ చూపిస్తున్నారు. ఏ నియమం ప్రకారం? ఐదు వస్తే పైకి పెంచాలనే నియమమైతే మొదటిది 1.02 కావాలి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చెప్పేది, ఐదుకు ముందున్న అంకె సరిసంఖ్య అయితే వదిలేసి, బేసి అయితే ఒకటి కలపమని. ఆ లెక్కనా 1.02నే రావాలి. 1.015ను 100తో గుణిస్తే కంప్యూటర్‌కు 101.49999999999999 వస్తుంది, మ్యాథ్.రౌండ్ దాన్ని 101 చేస్తుంది. 1.055ను గుణిస్తే సరిగ్గా 105.5 వస్తుంది, అది 106 అవుతుంది. అంటే ఏది పైకి పోతుందో, ఏది కిందికి పోతుందో నిర్ణయిస్తున్నది బిట్లలో దాగిన శేషం. రుణ సంఖ్యలప్పుడు ఇంకో మెలిక: మ్యాథ్.రౌండ్ 2.5ను 3 చేస్తుంది కానీ, −2.5ను −2 చేస్తుంది, సమదూరంలో ఉంటే పెద్ద పూర్ణాంకం వైపే పోతుంది కనుక. శూన్యాంశ సవరణలో ఇది తగులుతుంది. గోళం ప్రయోగంలోనైతే రౌండ్ కూడా లేదు, ఇంట్‌గా మార్చి మిగతాది కోసేస్తున్నారు, 4.35ను 100తో గుణిస్తే 434.99999999999994 వచ్చి, తెరమీద 4.34 పడుతోంది. కొలతను మైక్రోమీటర్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) లెక్కన పూర్ణాంకాల్లో ఉంచుకుని, మీరు పాటించే సవరింపు నియమం ఏదో మాన్యువల్‌లో రాయండి. ఎన్‌సీఈఆర్‌టీ నియమం తీసుకుంటే మా పాఠంతో కలుస్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది లఘులోలకం. ఒక మీటరు పొడవు, 20 డోలనాలకు 40.1 సెకన్లు. ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే సమయం, 2.005 సెకన్లు. గురుత్వ త్వరణం, 4π²ను పొడవుతో గుణించి ఆవర్తన కాలం వర్గంతో భాగిస్తే, 9.82 వస్తుంది. మీ ప్రోగ్రాం ఆవర్తన కాలాన్ని ముందే ఒక దశాంశానికి సవరించి, 2 అని గడిలో చూపించి, ఆ 2నే సూత్రంలో వేస్తోంది. దాంతో 9.87 వస్తోంది. సగం శాతం తేడా. విద్యార్థి చేతితో లెక్కచేసి 9.82 రాస్తే, "మీ ప్రయోగంలో దోషం ఉంది, మళ్లీ చేయండి" అన్న సందేశం వస్తోంది. దోషం ఎక్కడుందో సోర్స్ చూసిన మాకు తెలుసు, ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుంది? స్టాప్‌వాచ్‌ను సరిగా నొక్కలేదేమోనని తనను తాను అనుమానించుకుంటాడు. సవరింపు చివరి ఫలితానికే చేయాలని, మధ్యలో సంఖ్యను పూర్తిగా ఉంచుకోవాలని మేము బోర్డు మీద రాసి మరీ చెబుతాం. చూపడానికి ఒక స్ట్రింగ్, లెక్కకు అసలు నంబర్, రెండూ వేరువేరుగా ఉంచుకుంటే చాలు. ఈ పని చేయకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

ఫ్లాష్ ఆగిపోయింది కాబట్టి ఏమీ చేయలేమని మీ చివరి మెయిల్లో రాశారు. బ్రౌజర్లలో ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసిన మాట నిజమే. మీరు మాకు అమ్మింది బ్రౌజర్లో నడిచేది కాదు, ఎయిర్ అనే అడోబీ వేదిక మీద నడిచే డెస్క్‌టాప్ అప్లికేషన్. ఎయిర్ బాధ్యతను 2019లో అడోబీ నుంచి హార్మన్ అనే సంస్థ తీసుకుంది. పైగా మీరు మా లైసెన్సును పునరుద్ధరించి రుసుము తీసుకున్నది ఆ 2020 గడువు దాటిన తరువాతే. అప్పుడు కాలం చెల్లనిది, ఫిర్యాదు వచ్చాక ఎలా చెల్లింది?

మేము అడిగేవి ఇవి. వెర్నియర్, లఘులోలకం ప్రయోగాలకు సరిచేసిన అప్‌డేట్ ఈ నెలాఖరులోపు పంపండి. ఆ రెండూ రికార్డు రాయించడానికి ముందే కావాలి. స్క్రూగేజి, గోళం, పొడవుల పట్టిక ఆ తరువాతి నెలలో ఇచ్చినా ఒప్పుకుంటాం. జవాబు పోల్చే ఫంక్షన్‌లో ఎంత తేడాను అనుమతిస్తున్నారో అధ్యాపకులకు కనిపించాలి, పరికరం కనీసపు కొలతను బట్టి మార్చుకునే వీలుండాలి. ఇప్పటికే మీ ప్రోగ్రాంలో నమోదైన మార్కులను కొత్త పద్ధతిలో మళ్లీ లెక్కించే సాధనం ఇవ్వండి. విద్యార్థులు టైప్ చేసిన జవాబులు ఫైల్లో అలాగే ఉన్నాయి కాబట్టి ఇది సాధ్యమే, మేము చూశాం. అలాగే ఈ ల్యాబ్ వాడుతున్న మిగతా కాలేజీలన్నిటికీ 3, 6, 7 గీతల సంగతి మీరే రాతపూర్వకంగా తెలియజేయండి. అక్కడి పిల్లలకూ ఇవే ఎర్ర గుర్తులు పడుతూ ఉంటాయి, అధ్యాపకులు గమనించారో లేదో.

గడువులోపు అప్‌డేట్ రాకపోతే, ఈ విద్యాసంవత్సరం లైసెన్సు రుసుము తిరిగి ఇవ్వాలని మా ప్రిన్సిపాల్ గారు మీకు విడిగా రాస్తారు. సరిచేసిన ఫంక్షన్లను మా కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు రాసి పెట్టారు. వాటిని ఈ ఉత్తరంతోనే పంపుతున్నాం, ఉచితంగా వాడుకోండి. పరీక్షించడానికి మనిషి కావాలంటే నేను సాయంత్రం తరగతులయ్యాక అందుబాటులో ఉంటాను.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

జతపరచినవి: 3, 6, 7 గీతల దగ్గర తీసిన తెర చిత్రాలు, పొడవుల పట్టిక, లఘులోలకం తెర చిత్రాలు, సరిచేసిన ఫంక్షన్ల ఫైలు, లైసెన్సు పునరుద్ధరణ రసీదు నకలు.