కుక్కకు లైసెన్స్ ఉంది, ట్రైనర్‌కు లేదు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కుక్కను పెంచుకోవాలంటే జీహెచ్ఎంసీ లైసెన్స్ తీసుకోవాలి, రేబిస్ టీకా కాగితం చూపించాలి. కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్లు 2017 నాటి డాగ్ బ్రీడింగ్ రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెట్ షాపులకు 2018లో అలాంటి రూల్సే వచ్చాయి. సినిమాలో కుక్క చేత నాలుగు గెంతులు వేయించాలన్నా జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. ఇవన్నీ ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే సంగతి, కనీసం కాగితం మీద రూలంటూ ఒకటి ఉంది. మరి మన కుక్కను నెల రోజులు తీసుకెళ్లి, మన కంటికి కనపడని చోట కట్టేసి, బుద్ధిగా చేసి తెస్తానని వేలకు వేలు పుచ్చుకునే ట్రైనర్ సంగతి? అతను ఎక్కడా నమోదు కానక్కర్లేదు. విజిటింగ్ కార్డు, ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు వీడియోలు ఉంటే చాలు.

నాకు తెలిసినంతలో ఈ పనిలోకి వచ్చేవాళ్లు రకరకాలు. కెనల్స్‌లో, అంటే కుక్కల్ని ఉంచి చూసుకునే చోట్ల, కుక్కలకు తిండి పెట్టి కడిగే పనికి చేరి, చూసి చూసి నేర్చుకున్నవాళ్లు కొందరు. పెట్ క్లినిక్‌లో కాంపౌండర్లుగా చేసినవాళ్లు కొందరు. డాగ్ షోల్లో కుక్కను రింగులో నడిపించేవాళ్లు కొందరు, అది మంచి నైపుణ్యమే కానీ మనుషుల్ని చూసి భయపడే కుక్కకు అది పనికిరాదు. ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్లు కూడా వచ్చారు, అందులో కొందరు ఒక్క కుక్కను కూడా పట్టుకోకుండానే పాసై ఉంటారు. వీళ్లలో నిజంగా బాగా చేసేవాళ్లు లేరని కాదు. మా వైపు పదో తరగతి దాటని ఒకాయన ఉన్నాడు, కుక్క తోక, చెవులు చూసి దాని టెన్షన్ ఇట్టే పట్టేస్తాడు, అలాంటివాడిని డిగ్రీ లేదని పక్కన పెట్టమని నేను అనను. కానీ ఆయన్నీ, నిన్నటిదాకా మరేదో వ్యాపారం చేసి ఇవాళ ఇందులోకి దిగిన మనిషినీ వేరుచేసి చూపించే కాగితం ఒక్కటి కూడా మన దగ్గర లేదు. పల్లెల్లో ఆర్ఎంపీ డాక్టర్ల వ్యవహారం లాగే ఉంది ఇది, చెయ్యి మంచిదైతే మన అదృష్టం.

అన్నిటికంటే ఎక్కువ చెల్లుబాటయ్యే మాట 'ఎక్స్ ఆర్మీ', లేదంటే 'పోలీస్ డాగ్ స్క్వాడ్'. ఆ పేర్లు చిన్నవి కావు. మీరట్‌లో సైన్యంలో జంతువుల్ని చూసుకునే విభాగం ఆర్‌వీసీ (రిమౌంట్ వెటర్నరీ కోర్) సెంటర్, గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ నడిపే జాతీయ కుక్కల శిక్షణ కేంద్రం, మన మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీ, ఇవన్నీ పేరున్న చోట్లు. అక్కడ హ్యాండ్లర్, అంటే కుక్కను నడిపించే మనిషి, కుక్క కలిసి నెలల తరబడి నేర్చుకుంటారు. అయితే ఇక్కడ రెండు సంగతులున్నాయి. అక్కడ పనిచేశానని చెప్పే మనిషి నిజంగా హ్యాండ్లరా, కెనల్ శుభ్రం చేసినవాడా అని ఎవరూ అడగరు, డిశ్చార్జ్ బుక్ చూపించమంటే ఏమనుకుంటాడో అని మనకే మొహమాటం. రెండోది, నిజంగా హ్యాండ్లరే అయినా అతను నేర్చుకున్నది ఏరి తెచ్చిన కుక్క చేత బాంబు వాసన పట్టించడం, దొంగ జాడ తీయించడం. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే మొరిగే ల్యాబ్రడార్, దీపావళి టపాసులకు మంచం కింద దూరే పామరేనియన్, పసిబిడ్డ రాగానే గుర్రుమనే షెపర్డ్, ఇవి వేరే సమస్యలు. దీనికి తోడు కొట్టి నేర్పడాన్ని 'మిలిటరీ పద్ధతి' అని అమ్ముకుంటున్నారు. అది ఆ సంస్థల్ని అవమానించడమే, ఎందుకంటే వాసన పట్టే కుక్కకు పని నేర్పేది బంతి ఆశ చూపించే.

'కుక్క మిమ్మల్ని లీడర్‌గా ఒప్పుకోవట్లేదు, దాన్ని లొంగదీయాలి' అనే మాట కూడా దాదాపు ప్రతి ట్రైనర్ నోటా వింటాం. ఒకచోట బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి 1947లో ఒకరు రాసిన దాని నుంచి పుట్టిన ఆలోచన అది. దాన్ని తన పుస్తకంతో జనంలోకి తీసుకెళ్లిన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే 1999లో, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లల కుటుంబమే తప్ప కుర్చీ కోసం కొట్లాట కాదని రాశాడు. అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే వెటర్నరీ డాక్టర్ల సంఘం 2021లో, ఏ కుక్కకైనా బహుమతి ఇచ్చి నేర్పే పద్ధతే వాడాలని స్పష్టంగా చెప్పింది. మన దగ్గర మాత్రం లాగితే మెడ బిగించే చోక్ చైన్, ముళ్ల కాలర్, ఇప్పుడు కరెంటు షాక్ కాలర్ కూడా ఆన్‌లైన్‌లో ఎవరికైనా దొరుకుతున్నాయి.

మా చెల్లెలి కుక్కను అలాగే ఒకరి దగ్గర బోర్డింగ్ ట్రైనింగ్‌లో పెట్టారు. తిరిగొచ్చాక సిట్ అంటే కూర్చుంది, అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరైనా చెయ్యి పైకెత్తితే, జుట్టు సర్దుకోవడానికైనా సరే, నేలకు కరుచుకుపోయి ఉచ్చ పోసుకుంటోంది. గుర్రుమనడం పూర్తిగా మానేసింది, అది చూసి బాగుపడిందనుకున్నారు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక, కొట్టి దాన్ని మాన్పిస్తే ఆ తర్వాత హెచ్చరిక లేకుండా కరిచే ప్రమాదం ఉంది. పక్కింటి పిల్లాడి చేతికి కుట్లు పడ్డాయి. ట్రైనర్‌ని అడిగితే, మీరు ఇంట్లో ప్రాక్టీస్ చేయించలేదు అన్నాడు. పోనీ ఫిర్యాదు చేద్దామంటే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆటో కిరాయికి కూడా చాలదు.

మిగతా దేశాలన్నీ దీన్ని తేల్చేశాయని కాదు. అమెరికాలో కూడా ట్రైనర్‌కు లైసెన్స్ తప్పనిసరి కాదు, కాకపోతే 2001లో ఏర్పడిన ఒక సర్టిఫికేషన్ కౌన్సిల్ ఉంది, కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపిస్తేనే పరీక్షకు కూర్చోనిస్తుంది. జర్మనీ ఇంకో అడుగు ముందుకేసింది, 2014 ఆగస్టు నుంచి డబ్బు తీసుకుని కుక్కలకు నేర్పేవాళ్లు స్థానిక వెటర్నరీ ఆఫీసు అనుమతి తీసుకోవాల్సిందే, తమకు ఆ పని తెలుసని అక్కడ నిరూపించుకోవాల్సిందే.

మన దగ్గర 2024 మార్చిలో కేంద్రం హడావుడిగా 23 జాతుల కుక్కల్ని ప్రమాదకరమంటూ నిషేధించమని రాష్ట్రాలకు రాసింది, నెల తిరక్కుండానే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కుక్క జాతి గురించి అంత ఆలోచించినవాళ్లకు దాన్ని అలా తయారుచేసే మనిషి గుర్తుకు రాలేదు.

నేను అడిగేది పెద్ద చట్టం కాదు. బ్రీడర్లను నమోదు చేసుకునే బోర్డే ట్రైనర్లను, బోర్డింగ్ కెనల్స్‌ని కూడా నమోదు చేసుకోవాలి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నాళ్లు చేశారు, ఏ పరికరాలు వాడతారు అన్నవి రాయించుకోవాలి. రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలు చిన్న కోర్సు, ప్రాక్టికల్ పరీక్ష పెడితే నేను చెప్పిన ఆ పదో తరగతి ఆయన కూడా వచ్చి తెలుగులో పాసవగలగాలి. అందులో ఒక పాఠం మాత్రం తప్పకుండా ఉండాలి: ఉన్నట్టుండి కోపం తెచ్చుకునే కుక్కకు చెవిలో చీము పట్టడమో, తుంటి నొప్పో ఉండొచ్చు, అలాంటి కేసు ముందు డాక్టర్ దగ్గరకు పంపాలి.

అది వచ్చేదాకా మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఒక పని చేయొచ్చు. కుక్క టీకా కాగితం అడుగుతున్నారు కదా, గేటు దగ్గర ట్రైనర్ పేరు, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు కాపీ కూడా తీసుకుని పెట్టుకోండి. శిక్షణ జరుగుతున్నంతసేపు ఇంటివాళ్లు ఒకరు పక్కన ఉంటామని చెప్పండి. దానికి ఒప్పుకోని ట్రైనర్‌కు కుక్కను అప్పగించొద్దు.

— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి