గీజర్ ప్లగ్గు ఒకసారి చూసుకోండి

అందరికీ నమస్కారం. చలి మొదలైంది, గీజర్లు మళ్లీ వేస్తున్నాం. రేపు స్నానాలయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి కాలుతున్నా, పిన్నులు నల్లబడినా, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ ఉన్నా లోపల కనెక్షన్ వదులైనట్టే. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పాయింటే ఉండాలి. కన్వర్టర్ పెట్టి 6 ఆంపియర్ల సాకెట్‌కి తగిలించేవాళ్లు మన బ్లాకులోనూ ఉన్నారు, దయచేసి మానండి.

స్విచ్‌బోర్డు దగ్గర నీచు వాసనలాంటిది వస్తే వంటింట్లో చేపల కోసం వెతక్కండి. ప్లాస్టిక్ వేడెక్కితే అలాంటి వాసనే వస్తుంది. వెంటనే మెయిన్ ఆపేయండి.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని ఇంకా పెద్దది వేయించకండి. వైరు పాతదే కదా, అది కాలుతుంది. వాషింగ్ మెషీన్, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటుంటే చెప్పులేసుకుని సర్దుకుపోవద్దు, ఎర్తింగ్ చూపించండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉంటే దానిమీది టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కండి. పడిపోకపోతే అది పనిచేయట్లేదు.

ఒక గదిలో లైట్లు డిమ్ అయి, ఇంకో గదిలో మరీ వెలిగితే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) పోయినట్టు అనుమానించాలి. మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేయండి, లేకపోతే టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి.

ఎలక్ట్రీషియన్ కావాల్సినవాళ్లు ఫ్లాట్ నంబర్ ఇక్కడ పెట్టండి, ఆదివారం అందరికీ కలిపి పిలిపిద్దాం.