'ఫూలిష్' విన్న రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పోయిన వారం ఫోన్లో నువ్వన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదు. "విడిపోయిన మనిషి రోజూ పక్క సీట్లోనే కనిపిస్తుంటే పని ఎలా చేయాలిరా?" అన్నావు. నాకేమీ తోచక ఊరుకున్నాను. రాత్రి సూపర్‌చంక్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల 'ఫూలిష్' ఆల్బమ్ మళ్లీ విన్నాను. విన్నాక నీకు రాయకుండా ఉండలేకపోయాను.

వాళ్లది అమెరికాలో నార్త్ కరోలినా, చాపెల్ హిల్ అనే ఊరు. 1989లో మొదలైన బ్యాండ్. మ్యాక్ మెకాన్ పాటలు రాసి, పాడి, గిటార్ వాయిస్తాడు. లారా బ్యాలెన్స్ బేస్ గిటార్ వాయించేది. ఇద్దరూ జంటగా ఉన్నప్పుడే, అదే ఏడాది మెర్జ్ అనే చిన్న రికార్డు కంపెనీ కూడా పెట్టుకున్నారు. తర్వాత విడిపోయారు. సరిగ్గా అప్పుడే బ్యాండ్ మాటడోర్ అనే కంపెనీని వదిలి, కొత్త ఆల్బమ్‌ను సొంత మెర్జ్‌ మీదే తెచ్చింది. మనసులు విరిగిపోయాయి గానీ బ్యాండూ ఒకటే, కంపెనీ ఒకటే! ఆ ఆల్బమే 1994లో వచ్చిన 'ఫూలిష్'.

అంతకుముందు వాళ్ల పాటలంటే ఒకటే పరుగు. ఇందులో మొదటి పాట 'లైక్ ఎ ఫూల్' నెమ్మదిగా, బరువుగా మొదలవుతుంది. 'డ్రైవ్‌వే టు డ్రైవ్‌వే' దగ్గరికొచ్చేసరికి నాకు గొంతు పట్టేసింది, నిజంగా.

కానీ నన్ను కదిలించింది మ్యాక్ కంటే లారానే. తన బాధని అతను పాటలుగా రాసుకున్నాడు, సరే. ఆమె? ఆ పాటలకే బేస్ వాయించాలి. స్టూడియోలో ఒకసారి అయితే పోనీ అనుకోవచ్చు, ఊరూరా స్టేజీల మీద అతని పక్కనే నిలబడి రోజూ వాయించాలి. ఆల్బమ్ అట్ట మీద బొమ్మ కూడా తనే గీసింది. ఒక అమ్మాయి, వెనకాల వేలాడుతున్న చచ్చిన కుందేలు. పాటల్లో ఆమె మాట లేదు కదా, ఆ బొమ్మే ఆమె మాట అని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత కూడా మెర్జ్‌ను ఇద్దరూ కలిసే నడిపారు. వాళ్లు విడుదల చేసిన, ఆర్కేడ్ ఫైర్ అనే బ్యాండ్ ఆల్బమ్‌ 'ది సబర్బ్స్'కి 2011లో గ్రామీ వచ్చింది, అదీ ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా! వినికిడి సమస్య వల్ల 2013లో లారా టూర్లు మానేసింది. 2019లో, పాతికేళ్లకి, 'ఫూలిష్' పాటల్ని అకూస్టిక్‌గా, అంటే కరెంటు గిటార్ల హోరు లేకుండా, మళ్లీ రికార్డు చేశారు. అదీ విను, కానీ ముందు పాతదే.

నువ్వు ఆ ఉద్యోగంలోనే ఉండాలని చెప్పడం లేదురా. ఉండలేకపోతే వచ్చేయ్, మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది. ఉంటానంటే మాత్రం సాయంత్రాలు ఒక్కడివే కూర్చోకు, నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

లింక్ పంపిస్తున్నాను. ఫోన్ స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. బేస్ వినపడాలి.

నీ
మూర్తి