ఈజిప్టు సినిమా అంటే లేచి తరిమే మమ్మీ ఒక్కటేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం మీ సినిమా పేజీలో ఈజిప్టు గుళ్లు, పిరమిడ్ల నేపథ్యంలో వచ్చిన సినిమాల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, ఆసాంతం చదివించింది కూడా. కానీ అందులో చెప్పినవన్నీ హాలీవుడ్ సినిమాలే. ఈజిప్టు వాళ్లు తమ చరిత్ర మీద తాము తీసుకున్న సినిమా ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

1999లో వచ్చిన 'ది మమ్మీ' మనవాళ్లలో చూడనివాళ్లు తక్కువ. నేనూ చూశాను, ఆ వయసులో బాగా భయపడ్డాను. అందులో విలన్ పేరు ఇమ్హోటెప్. అసలు ఇమ్హోటెప్ ఎవరంటే, సుమారు 4,600 ఏళ్ల కిందట జోసెర్ అనే రాజు దగ్గర మంత్రి, సక్కారాలో ఇప్పటికీ నిలబడి ఉన్న మెట్ల పిరమిడ్‌ని కట్టించిన మేధావి. చనిపోయాక ఎన్నో శతాబ్దాలకు జనం ఆయన్ని రోగాలు నయం చేసే దేవుడిగా కొలిచారు. అలాంటి మనిషిని 1932లో ఒకసారి, 1999లో మళ్లీ ఒకసారి మనుషుల్ని చంపే దెయ్యంగా చూపించారు. ఎవరైనా మన చరకుడిని రక్తం తాగే రాక్షసుడిగా చూపిస్తే మనం ఊరుకుంటామా?

సినిమానే కదా, వినోదం కోసమే కదా అని మీరనొచ్చు. దాని ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి వెళ్లండి. ఏడో నిజాం కాలంలో మన ఊరికి చేరిన ఒక స్త్రీ మమ్మీ అక్కడ ఉంది. స్కూలు పిల్లలు వచ్చినప్పుడు ఆ గాజు పెట్టె పక్కన కాసేపు నిలబడితే చాలు, "సార్, ఇది రాత్రి లేస్తదా?" అన్న ప్రశ్న ఒక్కసారైనా వినిపిస్తుంది. ఆమె ఎవరు, ఏ కాలం మనిషి, అంత జాగ్రత్తగా గుడ్డ చుట్టి ఎందుకు దాచారు అని అడిగే పిల్లలు నాకు కనపడలేదు. తప్పు పిల్లలది కాదు, వాళ్లకు మనం చూపించింది అదే.

యూదులు ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన కథతో 2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఎక్సోడస్'ని ఈజిప్టులో నిషేధించారు. యూదులే పిరమిడ్లు కట్టినట్టు చూపించారన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. నిషేధాలు నాకు నచ్చవు, కానీ ఆ అభ్యంతరంలో నిజం ఉంది. ఆ సినిమా కథ నడిచేది రెండో రామ్సెస్ రాజు కాలంలో, గీజా పిరమిడ్లు ఆయన కంటే సుమారు 1300 ఏళ్ల ముందువి. వాటిని కట్టిన కూలీల ఊరు, రొట్టెలు కాల్చిన బట్టీలు, వాళ్ల సమాధులు పిరమిడ్ల పక్కనే తవ్వకాల్లో బయటపడ్డాయి. బానిసలైతే రాజు సమాధి పక్కన వాళ్లకీ సమాధులు కట్టనిచ్చేవారు కాదు కదా. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున మెరెర్ అనే ఒక మేస్త్రీ లాంటి అధికారి రాసుకున్న దినచర్య దొరికింది, తూరా అనే చోట ఉన్న రాతి గనుల నుంచి సున్నపురాయిని పడవల మీద గీజాకు ఎలా చేరవేశారో అందులో ఉంది. కొరడా దెబ్బల కంటే ఆ పడవల కథే గొప్ప సినిమా అవుతుందని నా నమ్మకం.

ఇక అసలు విషయం. 1969లో షాదీ అబ్దెల్ సలామ్ అనే ఈజిప్టు దర్శకుడు 'అల్ మూమియా' అనే సినిమా తీశాడు. పేరులో మమ్మీ ఉన్నా ఏ మమ్మీ లేవదు. లక్సర్ దగ్గర కొండల్లో ఒక తెగ, రాజుల శవాలు దాచిన రహస్య గుహని కనిపెట్టి, అందులోని నగలు గుట్టుగా అమ్ముకుంటూ బతుకుతుంటుంది. పెద్దాయన చనిపోయాక ఆ రహస్యం ఆయన కొడుకులకు తెలుస్తుంది. కళ్లముందే మమ్మీని చీల్చి నగ తీస్తుంటే, ఇన్నాళ్లూ మనం తిన్న తిండి ఇలా వచ్చిందా అని చిన్నవాడు వనీస్ కుమిలిపోయే తీరు చూడాలి. అన్న ఎదురు తిరిగి ప్రాణం పోగొట్టుకుంటాడు, వనీస్ వెళ్లి పురావస్తు శాఖ వాళ్లకు చెప్పేస్తాడు. తెల్లవారుజామున శవపేటికలను వరసగా మోసుకుంటూ స్టీమర్ వైపు నడుస్తారు, తెగవాళ్లంతా చూస్తూ నిలబడతారు. మాటలు చాలా తక్కువ. ఇది కల్పన కూడా కాదు, 1881లో లక్సర్ దగ్గరి దైర్ అల్ బహరీలో అబ్దెల్ రసూల్ అనే కుటుంబం వల్ల నిజంగా ఇలాగే 50కి పైగా మమ్మీలు బయటపడ్డాయి, రెండో రామ్సెస్, ఆయన తండ్రి మొదటి సేతి అందులోనివాళ్లే. 2021 ఏప్రిల్ 3న కైరో వీధుల్లో 22 మంది రాజులు, రాణుల మమ్మీలను ఊరేగించారు కదా, మనవాళ్లూ ఫోన్లలో చూసి ముచ్చటపడ్డారు, ఆ ఊరేగింపులో ఈ రామ్సెస్ కూడా ఉన్నాడు.

తర్వాత ఆ దర్శకుడు అఖెనాతెన్ అనే ప్రాచీన ఈజిప్టు రాజు మీద సినిమా తీయాలని ఏళ్ల తరబడి తిరిగాడు, డబ్బు దొరకలేదు, 1986లో చనిపోయాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే గుళ్లు తగలబడే సీన్ల కోసం కోట్ల డాలర్లు ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నాయి.

'అల్ మూమియా'ను హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ పెట్టిన ఫౌండేషన్ 2009లో బాగుచేయించింది కాబట్టి మంచి ప్రింట్ ఉంది. నిడివి గంటా నలభై నిమిషాల పైచిలుకు, అంతే. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, భాషా సాంస్కృతిక శాఖ తలుచుకుంటే తెలుగు సబ్‌టైటిల్స్ వేయించి అక్కడ ఒక సాయంత్రం ప్రదర్శించడం కష్టమేమీ కాదు. అలాగే మ్యూజియంకి వచ్చే స్కూలు పిల్లలకు మమ్మీ చూపించే ముందు ఇందులోంచి ఒక పది నిమిషాల ముక్క వేసినా చాలు. ఈ మాట మీ పేపర్‌లో వస్తే అధికారులు కాస్త చెవిన పెడతారు, నేను రాసిన అర్జీకి అంత బలం ఉండదు.

మీరు కూడా వచ్చే ఆదివారాల్లో ఎప్పుడైనా ఈ సినిమా మీద ఒక వ్యాసం వేయండి. రాసేవాళ్లు దొరక్కపోతే చెప్పండి, సమాచారమంతా నా దగ్గరుంది, నేనే రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్