గ్రౌండ్ల కలిసి ఆడేటోళ్ళే వరదల కూడా కలిసి వస్తరు, స్కూల్ గేట్లు సాయంత్రం పూట తెరవండి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను హన్మకొండల ఒక ప్రైవేట్ ఆఫీసుల పనిచేస్తున్న. మన దగ్గర ఆఫీసు ఉద్యోగాలు పెరుగుతున్నయి, మడికొండల 2020 జనవరిల సైయెంట్, టెక్ మహీంద్రా అనే ఐటీ కంపెనీలు మొదలైన కాన్నుంచి హైదరాబాద్ పోవాల్సిన పిల్లలు కొంతమంది ఇక్కడే ఉండిపోతున్నరు, బ్యాంకులు, ఇన్సూరెన్స్ ఆఫీసులు, హాస్పిటళ్ళు, షోరూములు ఎట్లాగూ ఉన్నయి. పొద్దంతా కుర్చీల కూసొని లేదంటే కౌంటర్ కాడ నిలబడి పనిచేసేటోళ్ళు ఇంతమంది ఉన్న ఊర్ల, వీళ్ళంతా సాయంత్రం పూటనో ఆదివారం పొద్దుగాలనో కలిసి ఆడుకోవడానికి, కలిసి ఊరికి ఏదన్న పని చెయ్యడానికి ఒక పద్ధతంటూ లేదు. దాని గురించే ఈ ఉత్తరం రాస్తున్న, జర పెద్దగైనా వేయగలరు.

చాలామంది ఆఫీసర్లు, మేనేజర్లు ఆట వేరు, సేవ వేరు అనుకుంటరు. ఆట అంటే టైంపాస్, సేవ అంటే కంపెనీకి పేరు. నేను చూసినకాడికి రెండూ ఒకటే గుంపు మనుషుల మీద నడుస్తయి. 2023 జులై చివరి వానలు ఎవ్వరం మర్చిపోలేదు, అటు మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది, ఇటు హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, నయీంనగర్ దిక్కు ఇండ్లల్లకు నీళ్ళొచ్చినయి, తర్వాత భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి కూడా పడ్డది. మా ఆఫీసుల సేవా కార్యక్రమాల కోసమని ఒక కమిటీ ఉండె, దానికో కోఆర్డినేటర్ ఉండె, గానీ అటునుంచి మెయిల్ వచ్చేసరికి నీళ్ళు దిగిపోయినయి. అసలు పనిచేసింది మా షటిల్ గ్రూప్ వాట్సాప్. ఎందుకంటే ఎవరి ఇల్లు ఏ గల్లీల ఉన్నదో, ఎవరు ఐదున్నరకే లేస్తరో, ఎవరికి ఫోన్ చేస్తే ఎత్తుతరో, ఎవరి దగ్గర పైసలు జమచేస్తే లెక్క కరెక్టుగ ఉంటదో అందరికీ ముందే తెలుసు, రోజూ కలిసి ఆడేటోళ్ళం కాబట్టి. బ్రెడ్లు, వాటర్ బాటిళ్ళు, పొడి బట్టలు ఆ పూటనే పంచినం. తర్వాత రోజులల్ల పని ఇంకా ఎక్కువ ఉండె, ఇండ్లల్ల మోకాలి లోతు బురద ఎత్తిపోసుడు, బియ్యం తడిసినోళ్ళకు బియ్యం ఇచ్చుడు, ఆధార్ రేషన్ కార్డులు కొట్టుకపోయినోళ్ళతోని మీసేవకు పోయి దరఖాస్తులు పెట్టించుడు. టీవీల వాళ్ళు పోయినంక చేసేటి ఈ పనికి మనుషులు కావాలె, ఆ మనుషులు ఒకరికొకరు ముందే తెలిసి ఉండాలె. వాన పడ్డ రోజు కమిటీ వేస్తే ఎవరి నంబర్ ఎవరి దగ్గర ఉంటది చెప్పండి.

ఇప్పుడు ఆఫీసులల్ల సేవ అనేది ఎట్ల జరుగుతున్నదో కూడా చెప్పాలె. ఏడాదికి ఒక్కసారి, అక్టోబర్ 2నో ఇంకేదో దినమో, ఒక బ్యానర్, అందరికీ ఒకే రంగు టీషర్టులు, చెరువు కట్ట మీద రెండు గంటలు. గుర్రపుడెక్క, అంటే చెరువు నీళ్ళ మీద అల్లుకునే కలుపు మొక్క, గుంజి కట్ట మీదనే కుప్పబోసి ఫొటో దిగి వచ్చేస్తరు. చేసేటోళ్ళ మనసు మంచిదే, కాదనను. గానీ గుర్రపుడెక్క గురించి తెలిసినోళ్ళను అడగండి, చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొక్కయితది, వాతావరణం కలిసొస్తే రెండు వారాలల్ల డబుల్ అయితది, దాని విత్తనం బురదల ఏండ్ల తరబడి బతికే ఉంటది. పైగా డ్రైనేజీ నీళ్ళు చెరువుల కలిసినంత కాలం దానికి ఎరువు వేసినట్టే. పూత రాకముందే గుంజాలె, గుంజింది కట్ట అవతలికి ట్రాక్టర్ల ఎత్తి పంపాలె, మళ్ళ పదిహేను రోజులకు వచ్చి చూడాలె. అంటే వంద మంది ఒక్క రోజు వచ్చుడు కన్న పది మంది ఏడాదంతా వచ్చుడు మేలు. కాకతీయులు చెరువుల మీద కట్టిన ఊరు మనది, ఒక్కో ఆఫీసు ఒక్కో చెరువు గట్టు ముక్కను పట్టుకున్నా ఎంతో పని అయితది.

రక్తదానం సంగతి కూడా ఇంతే. అందరు ఒక్కటే రోజు క్యాంప్ పెడతరు, జూన్ 14 రక్తదాతల దినం అని, లీడర్ల పుట్టినరోజు అని. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌ల పెట్టినా ఐదారు వారాలే నిలువ ఉంటయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఒక్కసారే ఎక్కువ వచ్చి తర్వాత కొరత పడితే ఏం లాభం. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కియ్యాలె, ఆ తల్లిదండ్రులు నెల నెలా డోనర్ కోసం ఫోన్లు చేసుకుంట తిరుగుతరు. ఎండాకాలం కాలేజీలు బంద్ అయితే ఇచ్చే స్టూడెంట్లు కూడా ఉండరు. ఆఫీసోళ్ళకు మాత్రం ఎండాకాలం సెలవులు లేవు కదా, మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి ఇయ్యొచ్చు, స్టాఫ్‌ను బ్యాచులుగ చేసి నెలకు కొందరిని పంపితే క్యాంప్, బ్యానర్ ఏదీ అవసరమే లేదు. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగులకు పనిదినాల్ల రక్తం ఇస్తే ఆ రోజుకు స్పెషల్ క్యాజువల్ లీవ్ ఉన్నది, ఏడాదికి నాలుగు సార్ల దాకా. ప్రైవేట్‌ల గంట పర్మిషన్ అడిగితే టార్గెట్ల సంగతి తీస్తరు. ఇది మారాలె.

కొందరు కంపెనీ చట్టం, సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అంటరు. 2013 చట్టం ప్రకారం పెద్ద లాభాలున్న కంపెనీలు మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలె, నిజమే, కానీ అది సొంత స్టాఫ్ ఒక్కళ్ళ లాభం కోసం పెట్టొద్దని రూల్‌లనే ఉన్నది. కాబట్టి స్టాఫ్ టోర్నమెంట్ జెర్సీల కోసం ఆ పైసల దిక్కు చూడొద్దు. మన దగ్గరున్న చిన్న చిన్న బ్రాంచులకు ఆ లెక్కలతోని పనే లేదు, వీళ్ళు ఇయ్యాల్సింది పైసలు కాదు, నెలకు ఒక సగం రోజు టైం.

ఇగ గ్రౌండ్ల దగ్గరికొస్తే అసలు బాధ అక్కడ్నే ఉన్నది. హన్మకొండల ఉన్న జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియం మనకు గర్వం, 2021 సెప్టెంబర్‌ల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడ్నే జరిగినయి. మన పర్వతగిరి మండలం కల్లెడ నుంచి పోయిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల పరుగుల కాంస్యం తెచ్చింది, అట్లాంటి పిల్లలకు ట్రాక్ ముందు దక్కాలె, దాని మీదికి మేము పోయి అడ్డం నిలబడం. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, హయగ్రీవాచారి గ్రౌండ్ లాంటివాట్ల సభనో ఎగ్జిబిషనో ఉంటే ఆట బంద్, అయిపోయినంక కర్రలు పాతిన గుంతలు, మేకులు ఎవరు తీస్తరు, ఒకడి కాలు మడత పడేదాక ఎవరికీ పట్టదు. మిగిలినయి ప్రైవేట్ టర్ఫ్‌లు, గంట లెక్కన అద్దె, మేనేజర్లు కట్టగలరు గానీ మా ఆఫీస్ బాయ్, సెక్యూరిటీ అన్న, డేటా ఎంట్రీ పిల్లలు ప్రతి వారం ఎక్కడి నుంచి తెస్తరు. వాళ్ళు లేకుండ ఆడితే అది ఆఫీస్ టీం ఎట్లయితది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చెప్పుకోవాలె. ఆఫీస్ స్పోర్ట్స్ డే అంటే మగవాళ్ళకు క్రికెట్, మాకు మ్యూజికల్ చైర్స్, ముగ్గుల పోటీ. ముగ్గులు నాకు ఇష్టమే, గానీ కాలేజీల వాలీబాల్, కబడ్డీ ఆడి వచ్చినోళ్ళం మాలో చాలామందిమి ఉన్నం. వాలీబాల్ నెట్ మగవాళ్ళకు 2.43 మీటర్లు, ఆడవాళ్ళకు 2.24, కలిసి ఆడినప్పుడు 2.24కి దించితే సరిపోతది, మేమట్లనే ఆడినం, ఆట ఇంకా బాగ నడిచింది, ర్యాలీలు పొడుగొచ్చినయి. మాకు కావాల్సింది లైట్ ఉన్న గ్రౌండ్, తాళం వేసి పెట్టని టాయిలెట్, ఏడున్నర లోపల ఇంటికి పోయేటట్టు టైం. పిల్లలను తీసుకొచ్చుకునే వీలుంటే ఇంకా మంచిది, లేకపోతే పెండ్లయిన రెండేండ్లకే ఆట మానేస్తున్నరు మా దగ్గర.

నేను అడిగేది ఒక్కటే. ప్రభుత్వ స్కూళ్ళ గ్రౌండ్లు సాయంత్రం ఐదున్నర నుంచి, ఆదివారం పొద్దుగాల, చుట్టుపక్కల ఆఫీసుల టీంలకు ఇయ్యండి. వాలీబాల్ కోర్టుకు 18 మీటర్లు బై 9 మీటర్లు చాలు, రెండు పోల్స్, ఒక నెట్. హెడ్మాస్టర్ల భయం నాకు తెలుసు, ఏదన్న పగిలితే ఎవరు జవాబు చెప్పాలె, తాగి సీసాలు పడేస్తే పొద్దున పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటయి, ఆ భయం న్యాయమైందే. అందుకే ఊరికెనే ఇయ్యొద్దు. ఆఫీస్ ఐడీ కార్డులతోని టీం పేరు రాసుకోండి, డిపాజిట్ పెట్టించుకోండి, ఒకరిని బాధ్యుడిగ పెట్టండి, అద్దెకు బదులు ఆ టీం నెలకో పని ఆ స్కూల్‌కు చెయ్యాలని షరతు పెట్టండి. కారే నల్లా బాగుచేసుడు, టాయిలెట్ తలుపుకు గొళ్ళెం పెట్టుడు, ఎండాకాలం సెలవులల్ల మొక్కలకు నీళ్ళు పోసుడు, పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు లెక్కలు చెప్పుడు, మా దగ్గర అకౌంట్స్ చేసేటోళ్ళు, ఇంజనీరింగ్ చదివినోళ్ళు మస్తుమంది ఉన్నరు. గీసుగొండ మండలం గంగదేవిపల్లి వాళ్ళు పనికో కమిటీ వేసుకొని ఊరిని దేశానికే చూపించిండ్రు, సిటీల మనం స్కూల్‌కో టీం అన్న వేసుకోలేమా.

ఆఫీసుల యజమానులకు కూడా ఒక మాట. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తున్నది, మీ స్టాఫ్‌ల ముప్ఫై ఐదేండ్లకే బీపీ, షుగర్ గోలీలు వేసుకునేటోళ్ళు ఎంతమందో మీ ఇన్సూరెన్స్ కాగితాలు చూస్తే మీకే తెలుస్తది. వారంల రెండు రోజులు ఆరింటికి వదిలిపెట్టండి, ఆటకు రానోళ్ళను బలవంత పెట్టకండి, మోకాలు నొప్పులున్నోళ్ళు స్కోర్ రాస్తరు, పిల్లలకు చదువు చెప్తరు, వాళ్ళు కూడా టీమే. ఇంకోటి, ఇది ఎవరి అప్రైజల్‌లకు ఎక్కియ్యకండి, ఎక్కిస్తే మళ్ళ ఫొటోల కాడికే వస్తది.

కలెక్టర్ గారు, డీఈఓ గారు, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ వాళ్ళు వానలు మొదలయ్యే లోపు కనీసం వరద వచ్చే కాలనీల దగ్గర ఉన్న స్కూళ్ళల్లనన్న దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్న. పేర్ల లిస్టు స్కూల్ల ఒక కాపీ, వార్డు ఆఫీసుల ఒక కాపీ ఉంటే చాలు, నీళ్ళు వచ్చిన రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో వాళ్ళకు తెలుస్తది.

– ఒక ప్రైవేట్ ఉద్యోగిని, హన్మకొండ