ఇంజన్‌కు బోరు కొట్టిస్తే పెరిగేది పదిహేను సీసీలే

సంపాదకుల వారికి,

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా పెట్రోలు ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. పాత మారుతి జిప్సీ జీపులకు హార్స్‌పవర్ పెంచాలని వచ్చే కుర్రాళ్లు ఉన్న కాస్త డబ్బూ పనికిరాని చోట పోస్తున్నారు. చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న నున్న నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల నాన్న మామిడితోటకు తిరగడానికి కొన్న 970 సీసీ జిప్సీ. ఎక్కడో బోరు కొట్టించి, అంటే సిలిండర్ల లోపలి గోడలు చెక్కించి వెడల్పు చేయించి, కొత్త పిస్టన్లు, లావుపాటి సైలెన్సర్ వేయించి నలభై వేలు వదిలించుకున్నాడు. "మోత పెరిగింది గానీ లాగట్లేదు బాబాయ్" అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 65.5 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 72. అర మిల్లీమీటరు బోరు పెంచితే నాలుగు సిలిండర్లలో కలిపి వచ్చేది 15 సీసీ. కొత్తలోనే 45 హార్స్‌పవర్ ఇంజన్ అది. ఈ 15 సీసీ ఏ మూలకు? బోరు కొట్టించేది అరిగిన సిలిండర్‌ను దారికి తేవడానికి, బలానికి కాదు.

బలమే కావాలంటే పెద్ద ఇంజన్ ఎంచుకోవాలి. తర్వాతి మోడల్ జిప్సీ కింగ్‌లో వచ్చిన 1298 సీసీ కార్బురేటర్ ఇంజన్, ఏ మార్పూ చేయకుండానే 60 హార్స్‌పవర్ ఇస్తుంది. తర్వాత వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఇంజన్) 80 ఇస్తుంది. చాలామంది కళ్లు మాత్రం మారుతి ఎస్టీమ్ కారు ఇంజన్ మీద పడతాయి. 85 హార్స్‌పవర్, తుక్కు కొట్లలో చవక. కానీ ఎస్టీమ్‌లో అది అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా కూర్చోవాలి. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ఆయిల్ పీల్చే గొట్టం, మౌంటింగులు అన్నీ మార్చాలి. పైగా వైరింగు, ఇంజన్‌ను నడిపే ఈసీయూ కంప్యూటరు, పెట్రోలు పంపు. ఆ చవక అక్కడితో సరి! డబ్బు తక్కువైతే నా మాట కార్బురేటర్ ఇంజనే, అదీ ఐదు గేర్ల బాక్సుతో సహా ఒకే బండిది. కొనే ముందు ఇంజన్ వేడి చేయించి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) గేజీతో చూడండి. మిగిలిన డబ్బు రేడియేటర్‌కు పెట్టండి. రోహిణీ కార్తెలో బెంజి సర్కిల్ దగ్గర ఆగితే తెలుస్తుంది ఎందుకో.

ఇక కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇంజన్ నంబరు కలవకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గరా చిక్కే. ఈ సంగతి మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంజన్ దించాక గానీ తెలియడం లేదు.

రవాణా శాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక్క మనవి. నెలకొక రోజు ఆటోనగర్‌లో ఒక అధికారి కూర్చుని, ఏ మార్పుకు అనుమతి ఉంది, దేనికి లేదు, దరఖాస్తు ఎలా పెట్టాలి అని తెలుగులో చెప్పాలి. బల్ల, కుర్చీలు, ఫ్యాను మా షెడ్డు ముందు నేనే వేయిస్తాను.

– ఒక ఇంజన్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ